ఉసిరికుంట దగ్గర ఆగిన జీపు

చలి ముదిరిన రోజుల్లో నల్లమల అడవిలో పొద్దు తీరిగ్గా లేస్తుంది. మంచు ముందు మడుగు మీద నుంచి లేవాలి, తర్వాత గడ్డి మీద నుంచి లేవాలి, అప్పుడుగానీ ఎండకి దారి దొరకదు. ఉసిరికుంట చుట్టుపక్కల జంతువులకి ఈ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ తొందరపడరు, అడవి చూడ్డానికి జీపులో వచ్చే మనుషులు తప్ప.

ఆ కుంట గట్టున కాయలతో వంగిపోయిన ఉసిరిచెట్లు ఉన్నాయి. చెట్టు మీద కొండయ్య అనే ముసలి కొండముచ్చు తన మందతో కాపురం ఉండేవాడు. చెట్టు కింద చుక్కమ్మ అనే దుప్పి తన గుంపుతో మేసేది. వాళ్ళ మధ్య తాతల నాటి ఒప్పందం ఒకటుంది. కొండముచ్చులు సగం తిని కింద పారేసిన కాయలన్నీ దుప్పులవి. అందుకు బదులుగా కింద గాలిలో వచ్చే వాసన దుప్పులు పట్టాలి, పైనుంచి దూరం కొండముచ్చులు చూడాలి. పెద్దావిడ జాడ ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు రెండోవాళ్ళకి చెప్పాలి. కొండయ్య దగ్గి చెప్పేవాడు. 'ఖక్, ఖక్ ఖక్' అని ఆయన గొంతు వినబడిందంటే, నోట్లో కాయ నోట్లో ఉండగానే దుప్పులు పరుగు అందుకునేవి.

పెద్దావిడంటే పెద్దపులి. ఆ పేరు అక్కడ ఎవరూ పైకి అనరు. ఆ అడవిలో ఆవిణ్ణి చూసినవాళ్ళకంటే ఆవిడ చూసినవాళ్ళే ఎక్కువ. తెల్లారి ఇసుకలో అడుగు కనబడేది, ఆ అడుగులోకి నీరు ఊరుతూ ఉండేది, ఆవిడ మాత్రం ఉండేది కాదు. అడుగు చూసిన రోజు కొండముచ్చు పిల్లలు కూడా అల్లరి చేసేవి కావు.

ఆ చలికాలం చుక్కమ్మకి పిల్ల పుట్టింది. ముందటేడు పుట్టినదాన్ని ఇదే గడ్డిలో పెద్దావిడ ఎత్తుకుపోయింది. అందుకని ఈసారి చుక్కమ్మ మేస్తూనే చెవులు రెండూ నాలుగు దిక్కులా తిప్పుతూ ఉండేది. పిల్లకి కాళ్ళింకా కుదురుకోలేదు. పరిగెత్తాలంటే నలుగురికంటే ముందు బయల్దేరాలి. అంటే ఆ పిల్ల ప్రాణం కొండయ్య దగ్గు మీదే ఆధారపడి ఉంది.

సరిగ్గా ఆ దగ్గే జంబన్న అనే నక్కకి కంటగింపు అయింది. జంబన్నకి సొంతంగా వేటాడే ఓపిక లేదు. పెద్దావిడ తిని లేచిన చోట కూర్చుని బతికేవాడు. ఆవిడ గడ్డిలో నక్కిన ప్రతిసారీ కొండయ్య దగ్గడం, దుప్పులు పోవడం, ఆవిడ లేచి కొండ మీదికి వెళ్ళిపోవడం. వాడి డొక్కలు లోపలికి పోయాయి. ఆలోచించి ఆలోచించి, వాడొకరోజు జీపు వెళ్ళిన తర్వాత చెట్టు కిందికి వచ్చాడు.

"ఏం మామా, చలికి ముడుచుకున్నావ్?"

"నీకేం పనిరా ఇక్కడ? చెట్టు కింద చచ్చినవి ఏం లేవు," అన్నాడు కొండయ్య.

"ఎంత మాటన్నావ్. నీ గొప్ప నీకు చెబుదామని వచ్చాను. ఇవాళ జీపులో జనాన్ని చూశావా? తలకి ఉన్ని టోపీలు వేసుకున్నారు. మొహం ఒక్కటి వదిలి అంతా బొచ్చే."

"చలికి వేసుకున్నారేమో."

"చలికి దుప్పటి చాలదా మామా? నల్లటి మొహం, చుట్టూ బొచ్చు. ఆ అందం ఎవరిది? నీ పోలిక రావాలని వేసుకొస్తున్నారు వాళ్ళు. పాపం, నువ్వేమో వాళ్ళవంక చూడనైనా చూడవు."

కొండయ్య గెడ్డం నిమురుకున్నాడు. ఆయన మంచివాడే, కాకపోతే ముసలితనంలో ఎవరైనా నాలుగు మంచి మాటలంటే బాగుండునని ఉండేది. మంద పెద్ద కదా, మందలో ఎవరూ అనేవాళ్ళు కాదు.

"చూడకేం, చూస్తూనే ఉన్నా," అన్నాడు.

"చూస్తే సరిపోదు. వాళ్ళు వచ్చినప్పుడు ఒక్కసారి దగ్గు. జీపు ఆగకపోతే నన్నడుగు."

మర్నాడు జీపు మలుపు తిరగగానే కొండయ్య దగ్గాడు. నిజంగానే ఆగింది. కొండముచ్చు దగ్గిన చోట ఇంజను ఆపి చూడాలన్నది జీపులోని గైడుకి అడవి నేర్పిన మొదటి పాఠం మరి. ఆ సంగతి కొండయ్యకి తెలియదు. జీపులోవాళ్ళంతా తల పైకెత్తి ఆయన్నే చూశారు, ఫోటోలు తీశారు. కొండయ్య ఛాతీ విరుచుకుని, కనబడేలా పక్కకి కూడా తిరిగాడు.

ఆ దగ్గుకి దుప్పులు ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తాయి. చుక్కమ్మ పిల్లని తోసుకుంటూ కుంట అవతలదాకా పోయింది. వెనక్కి తిరిగి చూస్తే పులీ లేదు, గిలీ లేదు. ఇలా రోజూ జరిగేసరికి ఆమెకి ఒళ్ళు మండింది.

"ఏం మామా, ఈ మధ్య దేన్ని చూసి దగ్గుతున్నావ్?"

"జీపులు కూడా ప్రమాదమే కదమ్మా."

"జీపు మమ్మల్ని తినదు. నీ దగ్గు నమ్ముకుని పిల్లని కన్నాను నేను. నువ్వట్లా ఊరికే వాడేస్తే, అసలైన రోజు దాన్ని ఎవరు వింటారు?"

కొండయ్య ఒక కాయ తెంపి కిందికి వేశాడు. చుక్కమ్మ దాన్ని ముట్టుకోలేదు. కానీ ఎక్కడికి పోతుంది? గడ్డి ఎండిపోయిన ఆ రోజుల్లో తిండి ఆ చెట్ల కిందే ఉంది, నీళ్ళు ఆ కుంటలోనే ఉన్నాయి. గుంపు అక్కడే మేసింది. నాలుగు రోజులు పోయాక కొండయ్య దగ్గినా మిగతా దుప్పులు తల ఎత్తడం మానేశాయి. చుక్కమ్మ మాత్రం తల ఎత్తేది. దగ్గు వినడానికి కాదు, ఆ దగ్గు మధ్యలో ఇంకేమైనా వినబడుతుందేమోనని.

జంబన్న కోరుకున్నది ఇదే. ఆ సాయంత్రం వాడు కొండవాలు ఎక్కి, రాతిగుహకి దూరంగా నిలబడి, తోక కాళ్ళ మధ్యకి ముడిచి విన్నవించుకున్నాడు.

"పెద్దావిడా, రేప్పొద్దున గాలి కుంట మీద నుంచి నీ వైపే వస్తుంది. వాసన వాళ్ళకి తగలదు. ముసలాడు జీపు వంక చూస్తుంటాడు, దగ్గినా ఎవరూ కదలరు. చుక్కల పిల్ల ఒకటుంది, ఇంకా సరిగా పరిగెత్తలేదు. నాకు ఎముకలు చాలు."

గుహ చీకట్లో రెండు కళ్ళు వెలిగి, మళ్ళీ మూసుకున్నాయి. ఒప్పుకున్నట్టో కాదో జంబన్నకి అర్థం కాలేదు, ఇంకోసారి అడిగే ధైర్యమూ లేదు.

తెల్లారింది. మంచు కుంట మీద ఇంకా లేవలేదు. జీపు గలగల మాట్లాడుకుంటూ వచ్చింది. ఆ జీపు ఎప్పుడూ అంతే, గైడు నోటి మీద వేలేసుకుని ఎంత బతిమాలినా లోపలివాళ్ళు ఆగరు.

"పోయినసారీ ఇంతే, జింకల్ని చూపించి పంపేశారు."

"ఆ నెమలిని చూడండి, నెమలిని."

"చట్నీ డబ్బా ఎవరి దగ్గరుంది?"

కొండయ్య జీపు వైపు తిరిగి 'ఖక్, ఖక్ ఖక్' అన్నాడు. జీపు ఉసిరిచెట్ల ఎదురుగా ఆగింది. అందరూ పైకి చూశారు. దుప్పులు ఒక్కటీ కదల్లేదు. దూరంగా పొద వెనక జంబన్న నోరు తడుపుకుంటూ పడుకుని ఉన్నాడు. వాడు వేసిన లెక్క ఇంతవరకూ ఎక్కడా తప్పలేదు.

జీపు వెనక సీట్లో, శాలువా కప్పుకున్న ఒక పెద్దామె ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటోంది. ఆమెకి కొండముచ్చుల మీద పెద్ద సరదా లేదు. "మా ఇంటి మీద ఇంతకంటే పెద్దవి..." అంటూ కుంట వైపు తల తిప్పింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. కప్పు నిండి టీ చీర మీద కారుతున్నా ఆమెకి తెలియలేదు. ఆమెని చూసి పక్కనున్నాయన అటు తిరిగాడు, నోరు తెరిచాడు, మాట రాలేదు. తర్వాత ముందు సీటు. తర్వాత డ్రైవరు. ఒక్కొక్క గొంతూ ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఫోటోలు తీసే చేతులు కూడా ఒళ్ళోకి దిగిపోయాయి.

చుక్కమ్మ మేత ఆపింది.

జీపు మాట్లాడటం లేదు. వీళ్ళు మమ్మల్ని చూసి మాట్లాడతారు, నెమలిని చూసి మాట్లాడతారు, ఏమీ కనబడకపోతే ఇంకా ఎక్కువ మాట్లాడతారు. ఇంతమంది నోళ్ళు ఒక్కసారిగా మూయించగలిగింది ఈ అడవిలో ఏముంది? ఆమె తల ఎత్తి చూసింది. జీపులో మొహాలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. కొండయ్య వైపు కాదు. తన వీపు మీదుగా, తన పిల్ల పడుకున్న గడ్డి వైపు.

వెనక్కి తిరిగింది. ఎండుగడ్డిలో, అంతసేపూ గడ్డే అనుకున్న చోట, రెండు కళ్ళు ఉన్నాయి. పిల్లకీ ఆ కళ్ళకీ మధ్య ఒక్క దూకు దూరం.

చుక్కమ్మ పారిపోలేదు. ముందుకాలు నేలకేసి కొట్టి, తోక నిటారుగా ఎత్తి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది. ఆ అరుపు కొండలకి తగిలి తిరిగి వచ్చేలోపు గుంపంతా లేచింది. పిల్ల తడబడుతూనే తల్లి పొట్ట కింది నుంచి దూసుకుపోయింది. చెట్టు మీద కొండయ్య అప్పుడు చూశాడు. ఆయన గొంతులోంచి దగ్గు వచ్చింది గానీ, రావలసిన వేళ దాటిపోయింది.

పెద్దావిడ వెంటపడలేదు. చూసేశారని తెలిశాక వేట ఆపెయ్యడం ఆవిడ పద్ధతి. గడ్డిలోంచి మెల్లగా లేచి నిలబడింది. ఆవిడ లేస్తుంటే గడ్డి తగ్గిపోయినట్టుంది. వీపు మీద మంచు నీళ్ళు మెరుస్తున్నాయి, ఊపిరి తెల్లటి పొగై లేస్తోంది. నడుచుకుంటూ వచ్చి బాట ఎక్కింది. జీపు ముందు నుంచి, దాని వంకైనా చూడకుండా, తీరిగ్గా దాటింది. అంత బరువున్న అడుగుకి ఒక్క ఎండుటాకు కూడా చప్పుడు చెయ్యలేదు. పెద్దామె రెండు చేతులూ జోడించింది. గైడు ఆ అడవిలో తిరుగుతూ ముసలివాడైనవాడు, అతని కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. కుంట అవతల నిలబడ్డ చుక్కమ్మ కూడా చూపు తిప్పుకోలేకపోయింది. తన బిడ్డని తినబోయినదే. అయినా అంత అందం ఆమె ఎన్నడూ ఎరగదు.

బాట అవతల పొద దగ్గర పెద్దావిడ ఆగింది. పొద వెనక జంబన్న ఉన్నాడు.

"పెద్దావిడా, నేను చెప్పినవన్నీ జరిగాయి కదా... గాలి, ముసలాడు, దుప్పులు... ఆ జీపు జనం మాట్లాడటం మానేస్తారని నేనెట్లా అనుకుంటాను?"

ఆవిడ వాడివంక ఒక్కసారి చూసింది. అంతే. ఆ తర్వాత కొండ ఎక్కి, అవతలి లోయలోకి దిగిపోయింది. ఆ చలికాలమంతా ఉసిరికుంట వైపు రాలేదు. జంబన్న కప్పల కోసం బురద తవ్వుకుంటూ బతికాడు. జీపుని తీసుకొచ్చి సరిగ్గా అక్కడ ఆపించింది తన తెలివేనని తల్చుకున్నప్పుడల్లా వాడికి ఆకలి ఇంకా ఎక్కువయ్యేది.

ఎండెక్కాక కొండయ్య చెట్టు దిగి వచ్చాడు. ముసలి కొండముచ్చు నేల మీదికి దిగడమంటే మాటలు కాదు.

"అమ్మా, ఆ జీపు నన్ను చూసినన్ని రోజులూ గోలగోలగా ఉంది," అన్నాడు తల దించుకుని. "ఆవిణ్ణి చూసినప్పుడు కదా దానికి మాట పోయింది. నాకప్పుడు తెలిసింది, వాళ్ళు నాకోసం వచ్చేవాళ్ళు కాదని."

చుక్కమ్మ పిల్లని నాకడం ఆపి ఆయనవంక చూసింది. ముసలాణ్ణి ఇంకా సిగ్గుపెట్టడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

"సరేలే మామా. పైకెక్కి నాలుగు కాయలు రాల్చు. రేపటినుంచి జీపు వచ్చినా గడ్డి వంకే చూడు."

"మరి నువ్వు?"

"నేను జీపు కూడా వింటాను," అంది చుక్కమ్మ. "అది ఊరుకున్నప్పుడు."

దొంగ దగ్గుతో అడవినంతా మోసం చెయ్యవచ్చు గానీ, గొప్పదాన్ని చూసి మూగబోయిన నోరు అబద్ధం చెప్పదు.