గోరింకకు జామపండు ఎప్పుడు పెట్టాలి?

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో మాటలు నేర్చిన గోరింక ఒకటి ఉండేది. గాలివాన వస్తుందో రాదో అది ముందే పసిగట్టేది. అందుకని పడవలు దించేముందు జాలరులు దాన్ని అడిగేవారు. చెప్పిన మాట నచ్చితే అక్కడికక్కడే జామపండు పెట్టేవారు. అదీ ఆ ఊరి ఆనవాయితీ.

ఒకనాడు గోరింక, "గాలివాన వస్తుంది, వెళ్లకండి" అంది.

"పొద్దున్నే ఏం పాడు మాటలే!" అని విసుక్కున్నారు. పండు లేదు. గాలివాన రానే వచ్చింది. అయినా గోరింక సంగతి ఒక్కరికీ గుర్తు లేదు, అదేం ఖర్మో!

మరొకనాడు, "వాన రావచ్చు, రాకపోనూవచ్చు" అంది. సగం పండు దొరికింది.

మూడోనాడు, "నిక్షేపంగా వెళ్లిరండి!" అంది. పండంతా దానిదే. ఇంకేం, కిటుకు దొరికిపోయింది! ఆనాటి నుంచి ఆకాశం చూడటం మానేసి, అడిగేవాళ్ల మొహాలు చూడటం మొదలుపెట్టింది.

ఒక ఉదయం ఎర్రన్న అనే జాలరి అడిగాడు. "నిక్షేపంగా వెళ్లిరా!" అంది గోరింక. మధ్యాహ్నానికి తుఫాను. ఎర్రన్న భార్య నూకాలు ఒడ్డున నిలబడి గుండెలు బాదుకుంది. పొద్దు వాలుతుండగా ఎర్రన్న విరిగిన తెడ్డు పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పడవ పోయింది, ప్రాణం మిగిలింది.

"దొంగ పిట్ట! దీని మెడ విరిచెయ్యండి!" అని ఊరంతా లేచింది.

గోరింక అంది: "నిజం చెప్పిననాడు గింజైనా పెట్టలేదు. తీపి మాట చెప్పిననాడు పండు పెట్టారు. మీరు నేర్పిందే కదా నేను పలికాను!"

నూకాలు కొంగు బిగించి ముందుకొచ్చింది.

"పిట్టను చంపితే తుఫాను ఆగుతుందా? ఇకమీదట మాట వినగానే పండు పెట్టొద్దు. పొద్దుగూకాక, ఆ మాట నిజమైతేనే పెడదాం."

"చేదు మాటైనా పెడతావా అమ్మా?" అని అడిగింది గోరింక.

"చేదైనా తీపైనా, నిజమైతే ఒకటే పండు" అంది నూకాలు.

నెల తిరక్కుండానే ఒక ఉదయం ఆకాశం అద్దంలా ఉంది. ఎర్రన్న తన తమ్ముడి పడవ దించబోయాడు. గోరింక పైకి చూసి, "వద్దు" అంది. జనం సణిగారు. ఎర్రన్న మాత్రం తాడు వదిలేసి వెనక్కి వచ్చాడు. అతన్ని చూసి అందరూ ఆగారు. మధ్యాహ్నం తాటిచెట్లు వంగిపోయేంత గాలి లేచింది. ఆ వేళకు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు.

పొద్దుగూకాక నూకాలు పెద్ద జామపండు తెచ్చి గోరింక ముందు పెట్టింది.

కనుక పిల్లలూ, ఇంపైన మాటకు పండు పెడితే గోరింక ఇంపే నేర్చుకుంటుంది. నిజానికి పెడితే నిజమే నేర్చుకుంటుంది.