తొమ్మిదో ఎక్కంలో పోయే నంబరు

చిన్న కథే, పొయ్యి మీద పాలు పొంగేలోగా అయిపోతుంది. గుర్లవలసలో సింహాద్రప్పడు అనే రైసుమిల్లు గుమస్తా ఉండేవాడు; మొత్తం సరిపోతే చాలు, ఇక దేన్నీ సరిచూసుకునేవాడు కాదు. అతని పక్కింట్లో నిద్రలో కూడా ఉపన్యాసాలిచ్చే సర్పంచి ఉండేవాడు. ఆ ఉపన్యాసాలకు భార్య ఊఁ కొట్టేది, ఆమెకూ నిద్రలోనే. సరే, వాళ్ల గొడవ మనకెందుకు.

సింహాద్రప్పడు ఫోన్ నంబర్లను సంతలో పశువుల్లా రకాలుగా విడదీసేవాడు. సరి సంఖ్యలు మెతకవట, బేసివి మొండివట. ఏ ఎక్కానికీ లొంగని ప్రధాన సంఖ్యలు, ఎవరితోనూ పొసగని సర్పంచి అత్తగారి లాంటివట. తొమ్మిదో ఎక్కంలో పోయేవి అన్నిటికన్నా ఉత్తమమట. అంకెలన్నీ కలిపిన మొత్తం తొమ్మిదితో పోతే, నంబరు ఎంత పెద్దదైనా పోయినట్టే. అందుకని అతను నంబర్లను ఫోన్‌లో దాచుకునేవాడు కాదు. నోటికి గుర్తుపెట్టుకుని, మొత్తంతో సరిచూసుకునేవాడు.

ఒక సాయంత్రం పైడితల్లి పరుగెత్తుకొచ్చింది. ఆమెకున్నది ఒక్కటే గేదె. దూడ కాలు అడ్డం తిరిగి, అది ఈనలేక అల్లాడుతోంది. ఆమె ఫోన్ ముందురోజే కుడితి తొట్టిలో పడి ఊపిరి వదిలేసింది. పక్క ఊరి పశువుల డాక్టరుకు ఫోన్ చేయమని బతిమాలింది.

సింహాద్రప్పడు కళ్లు మూసుకుని గుర్తుచేసుకుని నంబరు నొక్కాడు. అంకెలు కలిపాడు. యాభై నాలుగు వచ్చింది.

"ఆ నంబరేనా అన్నయ్యా?" అంది పైడితల్లి.

"తొమ్మిదో ఎక్కంలో పోయిందమ్మా. ఇంకేం కావాలి?" అన్నాడు.

అవతల ఎవరని కూడా అడగలేదు. కాన్పు కష్టమైందనీ వెంటనే రావాలనీ చెప్పి, ఇంటి గుర్తులిచ్చి పెట్టేశాడు.

కాసేపటికి ఒక ఆటో వచ్చింది. అందులో పరుపు, రెండు దుప్పట్లు, ఫ్లాస్కు నిండా వేడినీళ్లు ఉన్నాయి. పేషెంటు ఎక్కడని డ్రైవరు అడిగాడు. పైడితల్లి గేదెను చూపించింది. అతను దాన్ని కొమ్ముల నుంచి తోక దాకా చూశాడు.

"ఈవిడ నా ఆటోలో పట్టదండీ" అన్నాడు.

నంబరు చివర ఎనభై మూడు ఉండాల్సిన చోట సింహాద్రప్పడు ముప్పై ఎనిమిది నొక్కాడు; అది కాన్పులకు ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చే ఈ ఆటోవాడి నంబరు. ఎనిమిదీ మూడూ కలిపినా, మూడూ ఎనిమిదీ కలిపినా పదకొండే కదా.

పైడితల్లి ఏడుస్తూ అదే ఆటో ఎక్కి వెళ్లి డాక్టరును తీసుకొచ్చింది. చీకటి పడేవేళకు పెయ్యదూడ ప్రాణాలతో బయటపడింది. సింహాద్రప్పడు మాత్రం తన మొత్తంలో తప్పేమీ లేదని వచ్చినవాళ్లందరికీ వివరించాడు. ఆటో డ్రైవరుక్కూడా వివరించాడు.

మర్నాడు పైడితల్లి జున్ను వండింది. జున్నంటే సింహాద్రప్పడికి ప్రాణం. పొద్దున్నే స్నానం చేసి వాకిట్లో కూర్చున్నాడు. మధ్యాహ్నమైనా గిన్నె రాలేదు. ఆగలేక వెళ్లి అడిగాడు.

"పంపాను కదా అన్నయ్యా" అంది పైడితల్లి. "మీ ఇల్లు రెండు-నలభై ఏడు. రెండు-డెబ్బై నాలుగులో ఇచ్చి వచ్చాను. మొత్తం సరిపోయింది."

రెండు-డెబ్బై నాలుగు మా ఇల్లు. జున్ను బాగుంది.

నీతి: ఒక్క పరీక్షకు నిలిచినంత మాత్రాన ఏదీ నిజమైపోదు, మనకు కావలసింది అదేనా అని అడిగి తెలుసుకోవాలి.