పైడన్న వదిలేసిన చోటు

అనగనగా, కొండలు ఇంకా పొట్టిగానూ మనుషుల ఓపిక ఇంకా పొడుగ్గానూ ఉన్న రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి చివర ఒక తాటాకు పాక. ఆ పాకలో ఒక తరిమెన.

తరిమెన అంటే ఏమిటని మీరు అడగలేదు, అయినా చెబుతాను. రెండు మొలల మధ్య కర్రముక్కను బిగిస్తారు. దానికి తాడు చుడతారు. ఒకరు తాడును ఇటూ అటూ లాగుతుంటే కర్ర గిర్రున తిరుగుతుంది. ఇంకొకరు ఉలి ఆనించి దాన్ని నున్నగా చెక్కుతారు. తిరిగే కర్రకే రంగు లక్క నొక్కితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. చివర మొగలాకుతో మెరుగు పెడితే అందులో మన ముఖం మనకు కనిపిస్తుంది.

ఆ పాకలో తాడు లాగేది సోములమ్మ. ఉలి పట్టేది ఆమె మొగుడు పైడన్న. సోములమ్మ తాడు లాగేది, పైడన్న ఉలి పట్టేవాడు, కర్ర గిర్రున తిరిగేది. బొంగరాలు, గిలక్కాయలు, కుంకుమ భరిణెలు పుట్టేవి. పైడన్నను పెద్దల కూటానికి ఎవరూ పిలిచేవారు కాదు. పిలవలేదని అతనికి బెంగా లేదు. ఒక్క విషయంలో మాత్రం మహా పట్టుదల. చేసిన వస్తువు మీద లక్క తగలని చోటు గోరంత కూడా ఉండకూడదు. కర్ర బయటపడిందంటే పనివాడి పరువు బయటపడినట్టేనని వాళ్ళ తాత నేర్పిన మాట.

ఆ ఇద్దరికీ ఒక్కతే కూతురు, ఎరకమ్మ. పాకకు ఎదురుగా సూరన్న పంతులుగారి బడి అరుగు ఉండేది. అక్కడ మగపిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దుతుంటే, ఎరకమ్మ ఇక్కడ విరిగిన లక్క ముక్కతో నేల మీద దిద్దేది. పంతులుగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. తప్పు రాస్తే మాత్రం అరుగు మీంచే దగ్గేవారు. అలా దగ్గులతోనే పిల్లకు చదువు వచ్చేసింది.

ఎరకమ్మకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు గంగులు బళ్ళకు చక్రాలు చేసేవాడు, మంచివాడు. ఊరు మాత్రం మూడు కొండల అవతల. అటునుంచి ఇటు వచ్చేవాడు ఉప్పు బండివాడు ఒక్కడే, అదీ ఏడాదికి ఒక్కసారి.

పైడన్న గుండెలో రాయి పడింది అక్కడే. పొరుగింటి దాలమ్మ పెద్దకూతుర్ని ఆ కొండల అవతలికే ఇచ్చారు. ఉప్పు బండివాడు వచ్చినప్పుడల్లా దాలమ్మ ఎదురు వెళ్ళి, నా కూతురు ఎలా ఉందని అడిగేది. మొదటి ఏడు 'బాగుందంట' అన్నాడు. రెండో ఏడు 'బాగుందంట' అన్నాడు. మూడో ఏడూ 'బాగుందంట' అన్నాడు. ఆ మధ్యలో ఆ పిల్ల కాలు విరిగి ఆరు నెలలు మంచం మీద ఉందన్న సంగతి, అంతా అయిపోయాక ఎప్పుడో తెలిసింది. వాడు అబద్ధాలకోరు కాదు పాపం. మూడు కొండలు దాటి మోసుకొచ్చే నోటికి బరువు తక్కువ మాట అదొక్కటే.

పెళ్ళికి తొమ్మిది రోజులుందనగా, ఏం కావాలో చెప్పు తల్లీ, భరిణె చేయనా, బొమ్మలు చేయనా అని పైడన్న కూతుర్ని అడిగాడు.

"నాకు కలం సేసి ఇయ్యి అయ్యా," అంది ఎరకమ్మ. "నా మాట ఇంకొకడి నోట ఎందుకు రావాల? నానే రాసి పంపుతాను."

పైడన్న పుట్టి బుద్ధెరిగి కలం పట్టుకున్నవాడు కాదు. అయినా కూతురు అడిగింది. ఎరకమ్మ ఏటి ఒడ్డున రెల్లు కోసి, చివర చీల్చి, మొన చెక్కి ఇచ్చింది. ఆ మొనను దూర్చుకునే పిడి చేయడం పైడన్న వంతు.

సోములమ్మ తాడు లాగింది, పైడన్న ఉలి పట్టాడు, కర్ర గిర్రున తిరిగింది. మొదటి కలం పుట్టింది. కూతురి కలం కదా, నాలుగు కాలాలు ఉండాలని లావుగా చేశాడు. పంతులుగారు చేత్తో ఎత్తి చూసి, పైడన్నా, ఇది రోకలికి చెల్లెలా అని అడిగారు. పైడన్న నవ్వి దాన్ని సోములమ్మకు ఇచ్చేశాడు. ఆమె దాంతో మిరియాలు దంచుకుంది.

మళ్ళీ సోములమ్మ తాడు లాగింది, పైడన్న ఉలి పట్టాడు, కర్ర గిర్రున తిరిగింది. రెండో కలం పుట్టింది. సన్నగా, తేలిగ్గా, పసుపూ ఎరుపూ పచ్చా నీలమూ నాలుగు రంగుల చారలతో. మొగలాకుతో ఒకసారి కాదు, మూడుసార్లు మెరుగు పెట్టాడు. దాని మీద ఈగ వాలినా జారేది.

లగ్నపత్రిక రాసే రోజు వచ్చింది. పెళ్ళికొడుకు తరఫు పెద్దలు చాప మీద కూర్చున్నారు. పైడన్న ఆ కలాన్ని పళ్ళెంలో పెట్టి పంతులుగారికి అందించాడు. అందరూ ముక్కున వేలేసుకుని చూశారు. పంతులుగారు సిరాలో ముంచి, పెళ్ళికూతురి పేరు రాసి, పెళ్ళికొడుకు పేరు మొదలుపెట్టారు. ఎండాకాలం, వేళ్ళకు చెమట. నున్నటి కలం వేళ్ళ మధ్య గిర్రున తిరిగింది. తరిమెన మీద పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది. సిరా బొట్టు సరిగ్గా గంగులు పేరు మీద పడి, నల్లగా పరుచుకుంది.

చాప మీద గుసగుసలు బయలుదేరాయి. ఇదేం శకునమన్నారు ఒకరు. గంగులు మేనమామ లేచి నిలబడి పైపంచె దులుపుకున్నాడు. కూతురి చేత్తో రాసిన మాట కావాలనుకుంటే, కూతురి పెళ్ళికే ఎసరు వచ్చింది.

పంతులుగారు తొణకలేదు. తప్పు శకునానిది కాదు, నా వేళ్ళదీ కలానిదీ అని చెప్పి, చెవి మీదున్న తన పాత రెల్లుకలం తీసి, కొత్త కాగితం మీద మొదటినుంచి రాసిపెట్టారు. మేనమామ మళ్ళీ కూర్చున్నాడు.

అందరూ పత్రిక చూస్తుంటే, పైడన్న ఆ పాతకలాన్ని చూశాడు. రంగు లేదు, మెరుగు లేదు. వంకరగా, గరుగ్గా ఉంది. కానీ జారలేదు. పంతులుగారు కింద పెట్టగానే దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తడిమాడు. అప్పుడు తెలిసింది అతనికి, తాను ఏళ్ళ తరబడి వస్తువులన్నీ చూసే కళ్ళకోసమే చేశాడని. పట్టుకునే చేతి సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

మర్నాడు మూడోసారి సోములమ్మ తాడు లాగింది, పైడన్న ఉలి పట్టాడు, కర్ర గిర్రున తిరిగింది. పైన లక్క పట్టించాడు, కింద లక్క పట్టించాడు. మొనకు దగ్గరగా, మూడు వేళ్ళు పట్టేంత మేర వదిలేశాడు.

సోములమ్మ తాడు ఆపేసింది. "ఇక్కడ రంగు తగల్లేదు, సూసుకున్నావా?"

"సూసే ఒగ్గేసినాను. నువ్వు లాగు."

"నలుగురిలో నవ్వులపాలవుతావు."

"అంతా నునుపైతే పట్టేదెక్కడే?"

సోములమ్మ మళ్ళీ తాడు లాగింది.

పెళ్ళిలో కానుకలు చదివిస్తున్నప్పుడు నలుగురూ నవ్వనే నవ్వారు. లక్క అయిపోయిందా పైడన్నా అని ఒకరు, కూతురి దగ్గర కూడా కక్కుర్తేనా అని ఇంకొకరు. పైడన్న చెవులు ఎర్రబడ్డాయి. కానీ తల దించుకోలేదు. కలాన్ని ఆ ఉత్తకర్ర దగ్గర మూడు వేళ్ళతో పట్టుకుని, అలాగే కూతురి వేళ్ళ మధ్య పెట్టాడు. ఎరకమ్మ నవ్వలేదు. ఆ చోటును తడిమి చూసుకుని కలాన్ని బొడ్లో దోపుకుంది.

ఏడాది తిరిగింది. ఉప్పు బండివాడు వచ్చాడు. అలవాటు చొప్పున 'బాగుందంట' అని, మడిచిన కాగితం ఒకటి పైడన్న చేతిలో పెట్టాడు. పంతులుగారు అరుగు మీద కూర్చుని చదివారు.

"అయ్యా, అమ్మా. ఇక్కడ సారులో సింతపండు తక్కువేత్తారు. అత్త మంచిదే గానీ గురక పెడతాది. మొన్న జెరం వచ్చినాది, తగ్గినాది. మీరు గుర్తొచ్చి ఏడుపొచ్చినాది, అదీ తగ్గినాది. కలం జారడం లేదు."

పైడన్న మూడుసార్లు చదివించుకున్నాడు. మొదటిసారి నవ్వాడు, రెండోసారి ఏడ్చాడు, మూడోసారి ఊరికే విన్నాడు. బాగుంది అన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. అందుకే కూతురు బాగుందని అతనికి నమ్మకం కుదిరింది. ఆ రోజు సోములమ్మ చారులో చింతపండు రెట్టింపు వేసింది.

మర్నాడు దాలమ్మ తన చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఇంకో తల్లి. సంబంధం కుదిరిందంటే చాలు, పిల్లను ముందు పంతులుగారి అరుగు ఎక్కించేవారు, పసుపు తర్వాత దంచేవారు. సోములమ్మ తాడు లాగుతూనే ఉంది, పైడన్న ఉలి పడుతూనే ఉన్నాడు. ఎన్ని కలాలు చేశాడో అతనికే తెలియదు. ప్రతిదాని మీదా మూడు వేళ్ళ చోటు వదిలాడు.

అలా చాలా ఏళ్ళు బతికాడు. ఒకనాడు మధ్యాహ్నం గంజి తాగి, సోములమ్మను వక్క అడిగి, అది వచ్చేలోపు గోడకు ఆనుకుని కన్ను మూశాడు. బతికినంత తేలిగ్గానే పోయాడు.

మూడు కొండలు దాటి ఎరకమ్మ వచ్చింది. అప్పటికి ఆమె తల సగం నెరిసింది. తల్లి పక్కన కూర్చుని ఏడ్చి ఏడ్చి, బొడ్లోంచి కలం తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. లక్క రంగులన్నీ వెలిసిపోయి ఉన్నాయి. ఉత్తకర్రగా వదిలిన చోటు మాత్రం ఎరకమ్మ వేళ్ళకు అరిగి, గుంటలు పడి, సిరాతోనూ చెమటతోనూ నల్లగా నిగనిగలాడుతోంది. సోములమ్మ ఆ గుంటల్లో తన వేళ్ళు పెట్టి చూసుకుంది.

"మీ అయ్య ఒగ్గేసిన సోటికి నువ్వే రంగేసినావమ్మా," అంది.

ఇప్పటికీ అక్కడ పెళ్ళి కలానికి మూడు వేళ్ళ మేర లక్క వేయరు. దాన్ని పైడన్న చోటు అంటారు. తండ్రి ముందు తాను అక్కడ పట్టుకుని, ఆ తర్వాతే కూతురి చేతిలో పెడతాడు. సంబంధంలో ఎవరైనా చిన్న వంక వెతికితే, అంతా నునుపైతే పట్టేదెక్కడని ముసలమ్మలు నోరు మూయిస్తారు.

కథ కొండలు దాటి పోయింది, కలం ఇక్కడ మిగిలింది. ఒక్క మాట మరిచాను. ఆ ఊరి ఆడపిల్లలు అత్తవారింటినుంచి రాసే మొదటి ఉత్తరం 'నేను బాగున్నాను' అని మొదలుకాదు. చారులో చింతపండు సంగతితో మొదలవుతుంది. అది వినగానే ఇక్కడ తండ్రులు ఊపిరి పీల్చుకుంటారు.