మన అంటే ఎవరెవరు?

అనగనగా ఒక అడవిలో ఒక మడుగు ఉండేది. అడవి కథ కదా, పులి ఎప్పుడొస్తుంది అని అడక్కండి. ఈ కథలో పులి లేదు, ఎండ ఉంది. పులి అయితే ఒక పూట వచ్చి పోతుంది. ఎండ అలా కాదు. వచ్చిందంటే వాన పడేదాకా కదలదు.

అందుకని ఎండాకాలం మొదట్లో జంతువులన్నీ కలిసి ఒక మడుగుపెద్దను ఎన్నుకునేవి. ఎవరు ఎప్పుడు తాగాలి, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదంతా మడుగుపెద్ద చెప్పినట్టే జరగాలి. వాన పడేదాకా ఆ మాటకు తిరుగులేదు.

ఆ ఏడు ఇద్దరు నిలబడ్డారు. ఒకడు అడవిపంది ఘుర్రయ్య. రెండోవాడు అడవిదున్న కొమ్మన్న. ఘుర్రయ్య మాటకారి. కొమ్మన్న మాత్రం ఒక మాట అనడానికి ముందు ఒక గడ్డిపరక నమిలేవాడు, అన్నాక ఇంకొకటి నమిలేవాడు. వినేవాళ్ళకు విసుగు పుట్టేది.

ఆ అడవిలోనే చుక్కమ్మ అనే దుప్పి ఉండేది. ఆమెకు ఈమధ్యనే ఒక పిల్ల పుట్టింది. పేరు చిట్టి. చిట్టికి ఇంకా కాళ్ళు నిలదొక్కుకోలేదు, దూరం నడవలేదు. ఈ మడుగు నీళ్ళు దక్కకపోతే చిట్టి బతకదు. చుక్కమ్మకు పగలూ రాత్రీ అదే బెంగ.

"ఎవరికి ఓటెయ్యాలో పాలుపోవడం లేదు" అంది ఒకరోజు దిగులుగా.

చెట్టు మీది గోరువంక ఆ మాట విని కిందికి దిగింది. అది కొన్నాళ్ళు పట్నంలో ఒక ఇంటి చూరులో కాపురముండి వచ్చింది. అప్పటినుంచి ఏ మాటెత్తినా పట్నం గొప్పలే.

"దానికింత దిగులెందుకక్కా? పట్నంలో మనుషులకు ఫోనులో ఒక ఆట ఉంది. ఫోను ప్రశ్నలడుగుతుంది. వీళ్ళు అవును, కాదు అని వేలితో నొక్కుతారు. చివర్లో, మీ మనసుకు సరిపోయిన నాయకుడు ఫలానా అని ఫోనే చెప్పేస్తుంది. ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు, ఎవరితోనూ వాదించక్కర్లేదు. ఆ ఆట నేనిక్కడ పెట్టాను. ఆ ఇద్దరినీ ముందే అడిగొచ్చాను. ఇక నువ్వు చెప్పు."

చుక్కమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అడుగు, అడుగు" అంది.

"మొదటి ప్రశ్న. మన మడుగు మనకే ఉండాలా?"

"ఉండాలి మరి!"

"రెండో ప్రశ్న. మన పిల్లలే ముందు తాగాలా?"

చుక్కమ్మ చిట్టి వైపు చూసింది. "అవును, ముందు పిల్లలే" అంది.

"మూడో ప్రశ్న. బయటివాళ్ళు వస్తే తరిమెయ్యాలా?"

"తరిమెయ్యాలి."

గోరువంక రెక్కలు టపటపా కొట్టింది. "జత కుదిరింది! ఘుర్రయ్యతో మూడింటికి మూడూ కలిశాయి. పెళ్ళికి చూసే జాతకాలు కూడా ఇంత బాగా కలవవు!"

"మరి కొమ్మన్న మామ?"

"ఆయనకు సున్నా. 'మన మడుగు' అనగానే, 'మన అంటే ఎవరెవరమ్మా?' అని నన్నే ఎదురడిగాడు. అవునో కాదో చెప్పు మామా అంటే, అది తెలియకుండా ఎలా చెప్పనన్నాడు. మూడు ప్రశ్నలకూ అదే వరస. ఆటలో అలాంటి జవాబుకు చోటే లేదు."

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. కుందేళ్ళు ఆడినా ఘుర్రయ్యే వచ్చాడు. కోతులు ఆడినా ఘుర్రయ్యే వచ్చాడు. గోరువంక మోసం చేసిందనుకోకండి పిల్లలూ. పాపం, అది విన్నది విన్నట్టే లెక్క చూసింది.

ఆట అయ్యాక చుక్కమ్మ తిరిగి వస్తుంటే దారిలో ఘుర్రయ్య కనిపించాడు. మద్దిచెట్టుకు వీపు రుద్దుకుంటున్నాడు. 'వెళ్ళి ఒక్క మాట అడుగుదామా?' అనుకుంది చుక్కమ్మ. 'జత కుదిరాక ఇంకా అడిగేదేముంది?' అనుకుని తన దారిన తాను పోయింది. ఈ చోటికి వచ్చినప్పుడల్లా నాకు చుక్కమ్మ మీద కోపమొస్తుంది. ఆ నాలుగడుగులు వెయ్యలేకపోయింది కదా!

ఘుర్రయ్య గెలిచాడు.

మర్నాడు పొద్దున్నే మడుగు చుట్టూ పందులు అడ్డంగా నిలబడ్డాయి. కుందేళ్ళు వస్తే తరిమేశాయి. కోతులు వస్తే తరిమేశాయి. చుక్కమ్మ చిట్టిని నడిపించుకుంటూ వచ్చింది. ఆమెనూ ఆపేశాయి.

"ఇదేమిటన్నా? మన మడుగు మనకే అన్నావు కదా!" అని అడిగింది చుక్కమ్మ.

"అన్నాను. అన్నట్టే చేస్తున్నాను. ఇది మన పందుల మడుగు" అన్నాడు ఘుర్రయ్య.

"మన పిల్లలే ముందు తాగాలన్నావు!"

"అవిగో, తాగుతున్నాయి చూడు. మీరంతా బయటివాళ్ళు."

"అలాంటప్పుడు 'మా' అనాలి గానీ 'మన' అంటావేం?"

"మా వాళ్ళలో మేం మాట్లాడుకునేటప్పుడు మన అనే అనుకుంటాం. నేనేమీ అబద్ధమాడలేదమ్మా. నువ్వే అడగలేదు."

'మా' అంటే ఎదుటివాడు గడప అవతల ఉన్నట్టు. 'మన' అంటే ఎదుటివాడు కూడా లోపలే ఉన్నట్టు. ఇది మీకు ఎవరూ నేర్పకుండానే వచ్చు కదా! చుక్కమ్మకూ వచ్చు. అందుకే 'మన' అన్న మాట చెవిన పడగానే, తాను లోపలే ఉన్నాననుకుంది.

మధ్యాహ్నానికి చిట్టి ఒక పొద కింద వాలిపోయింది. దాని నాలుక ఎండిపోయి బయటికి వేలాడుతోంది. చుక్కమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. సిగ్గు చంపుకుని కొమ్మన్న దగ్గరికి పరుగెత్తింది.

"మామా, నేను నీకు ఓటెయ్యలేదు. నిన్ను చూసి నవ్వాను కూడా. అయినా నా పిల్లను బతికించు."

కొమ్మన్న ఒక గడ్డిపరక నమిలాడు. "దాహానికి ఓట్ల సంగతి తెలుస్తుందా తల్లీ? ఏటి ఇసకలో అడుగున తడి ఉంటుంది. తవ్వుదాం పద" అన్నాడు.

ఏరు ఎండిపోయి ఉంది. కొమ్మన్న గిట్టలతో ఇసక తవ్వాడు. కుందేళ్ళు వచ్చి తవ్వాయి. కోతులు వచ్చి ఇసక ఎత్తి పోశాయి. సాయంత్రానికి గుంట అడుగున నీరు ఊరి చిన్న చెలమ తయారైంది. అందరూ చిట్టినే ముందు తాగనిచ్చారు. చిట్టి లేచి నిలబడింది.

అక్కడ మడుగులో పందులు తాగడంతో ఊరుకోలేదు. పొర్లాయి. కొద్దిరోజులకే మడుగంతా బురదైపోయింది. ఒక ఆడపంది తన పిల్లలను వెంటేసుకుని చెలమ దగ్గరికి వచ్చింది.

చుక్కమ్మ అడ్డంగా నిలబడింది. "రానివ్వకండి! మన చెలమ మనకే. ముందు మన పిల్లలే తాగాలి. బయటివాళ్ళను తరిమెయ్యండి!" అని కుందేళ్ళ వైపు తిరిగి కేకేసింది.

కొమ్మన్న మెల్లగా తలెత్తాడు.

"మన అంటే ఎవరెవరు చుక్కమ్మా?"

"నేను, చిట్టి, నువ్వు, కుందేళ్ళు, కోతులు..." అంటూ చుక్కమ్మ ఆగిపోయింది. ఆడపంది వెనకాల ఒక చిన్న పందిపిల్ల తూలుతూ నిలబడి ఉంది. దాని నాలుక ఎండిపోయి బయటికి వేలాడుతోంది. ఆ రోజు పొద కింద చిట్టి నాలుకా అలాగే ఉంది.

అప్పుడు ఆమెకు గోరువంక ఆట గుర్తొచ్చింది. ఆ రోజు అవును, అవును అన్నప్పుడు తన 'మన'లో పందులున్నాయా? లేవు. ఘుర్రయ్య 'మన'లో దుప్పులు లేవు. ఆట తప్పు చెప్పలేదు. ఘుర్రయ్యకూ తనకూ నిజంగానే మూడింటికి మూడూ కలిశాయి. చుక్కమ్మకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఆమె పక్కకు జరిగింది.

"రా అమ్మా. ముందు నీ చిన్నదాన్ని తాగనివ్వు. మెల్లగా తాగమను, నీళ్ళు ఊరాలి" అంది.

వానలు పడ్డాయి. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. గోరువంక మళ్ళీ ఆట మొదలుపెట్టింది.

"మొదటి ప్రశ్న అక్కా. మన మడుగు..."

"మన అంటే ఎవరెవరే?" అని అడిగింది చుక్కమ్మ.

గోరువంక ఈసారి నవ్వలేదు. "నాకు తెలియదక్కా. నిలబడ్డవాళ్ళనే అడుగుదాం పద" అంది.

నీతి: జవాబులు కలిశాయి కదా అని మనిషిని నమ్మెయ్యకు. అతని 'మన'లో ఎవరెవరున్నారో వెళ్ళి అడుగు. అడిగే ముందు నీ 'మన'లో ఎవరు లేరో చూసుకో.