మేకకూ చిరుతకూ నచ్చిన తడిక

కొండవాగు విశ్వవిద్యాలయం సంగతులు నాకంటే బాగా చెప్పగలవాడు ఈ భూమ్మీద పుట్టలేదు, ఇక పుట్టబోడు. నేను కాకిని. అక్కడి మద్దిచెట్టు కొమ్మమీద ఎన్నికల అధికారిగా కూర్చుని కూర్చుని ముసలివాణ్ణయ్యాను. నేను గొంతు సవరించుకుంటే జలపాతం హోరు ఆపుకుని, "సెలవివ్వండి కాకిగారూ" అనేది. నమ్మకపోతే వెళ్లి ఆ జలపాతాన్నే అడగండి.

ఆ విశ్వవిద్యాలయంలో చదవని జాతి లేదు. ముళ్లకంచెకు ఇటుపక్క మేకలు, జింకలు, కుందేళ్ల హాస్టలు. అటుపక్క చిరుతలు, హైనాలు, నక్కల హాస్టలు. కంచెకు నడుమ ఒక తడిక, తడికకు ఒక వెదురు గడియ. పగలు తడిక తెరిచే ఉంటుంది, అందరూ ఒకే చెట్టుకింద పాఠాలు వింటారు. ఒకరినొకరు తినరాదన్నది వైస్ ఛాన్సలర్ ఏనుగుగారి మొదటి నియమం. వెలుగున్నంతసేపు ఆ నియమానికి ఢోకా లేదు. చీకటి పడ్డాక కడుపుకి నియమాలు చదవడం రాదు. అందుకని పొద్దుగూకగానే తడిక మూసి గడియ బిగించాలి. ఆ పని విద్యార్థి సంఘం అధ్యక్షుడిది. మెస్సులో అందరికీ వడ్డించి, చిట్టచివర తాను తినాలి. నీటి కాలవలో రాలిన ఆకులు ఎత్తాలి. కుర్చీ అని పేరేగానీ అందులో కూర్చునే తీరికుండదు.

ఆ ఏడు అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు గుంటనక్క గవర్రాజు. తోక దువ్వుకోకుండా గడప దాటడు. రెండోవాడు ఎనుబోతు సింహాచలం. వాడు ఒక మాట అనేలోపు నేను ఆకాశం చుట్టొచ్చి, దారిలో ఒక గద్దకు బుద్ధి చెప్పి, కొమ్మమీద వాలి కునుకు కూడా తీసేవాణ్ణి.

నామినేషను రోజునే గవర్రాజు మొదలెట్టాడు. "సింహాచలం బావా, నీకెందుకు చెప్పు ఈ గోల? అధ్యక్షుడంటే నోరుండాలి."

"ఉంది," అన్నాడు సింహాచలం. "గడ్డికి వాడుకుంటున్నాను."

"ఓట్లు ఎట్లా అడుగుతావు మరి?"

"కాలవలో ఆకులెత్తుతుంటే కనబడతాను కదా. ఇష్టమైతే వేస్తారు."

"ఆకులెత్తితే ఓట్లు పడితే చీపురే గెలవాలి బావా."

"అయితే నీతో పాటు చీపురు కూడా నిలబడాల్సింది గవర్రాజూ. పోటీ బాగుండేది."

మా దగ్గర ప్రచారానికి ఒక పద్ధతుంది. అభ్యర్థి తానుగా హాస్టళ్లు తిరిగి ఓట్లు అడగకూడదు. పూర్వం ఒక పులి ఇంటింటికీ తిరిగి ఓట్లడిగితే, లెక్కపెట్టే నాటికి ఓటర్లు తగ్గారు. అప్పట్నుంచి చిలకల చేత చెప్పించడమే. అభ్యర్థి మాట నేర్పుతాడు, చిలక వెళ్లి అప్పజెబుతుంది. చిలకలకు కూలి పండు మిరపకాయ. ముక్కుకు మిరపకాయ తగిలిందా, నేర్చిన పాఠం మొదటినుంచి చివరిదాకా బయటికి రావలసిందే.

గవర్రాజు రెండు చిలకల్ని పట్టాడు. ఎర్రముక్కు చిలకను మేకల హాస్టలుకి పంపాడు. అది కిటికీలో వాలి గడగడా అప్పజెప్పింది: "మేకచెల్లెళ్లారా, నన్ను గెలిపిస్తే తడికకు ఇంకో వరస ముళ్లు కట్టిస్తాను. గడియ నా చేతిలో ఉన్నంతకాలం మీరు కాళ్లు చాపుకుని పడుకోండి."

వంకరతోక చిలకను చిరుతల హాస్టలుకి పంపాడు. అదేం చెప్పిందో అప్పటికి నాకు కూడా తెలియదు. నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉందంటే అది ఎంత గుట్టుగా జరిగిందో మీరే ఊహించుకోండి. మాట పూర్తికాకముందే చిరుతలు కేరింతలు కొట్టాయనీ, చిలక బెదిరి ఎగిరిపోయిందనీ మాత్రం వినవచ్చింది.

మర్నాడు మెస్సులో సింహాచలం, పదవి లేకపోయినా ఎప్పటిలాగే, గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. మేకల పెద్దమ్మాయి బంగారమ్మ ఆకు చాపింది.

"ఈసారికి ఏమనుకోకు సింహాచలం అన్నా. మా ఓట్లు గవర్రాజుకే. కిందటేడు మా చిన్నది ఒకటి చీకట్లో అరుపు విని భయపడి చదువు మానేసి వెళ్లిపోయింది. ఈ ఏడు కొత్తగా చేరినవన్నీ ఇంకా పాలు మరవని పిల్లలు. తడికకు రెండో వరస ముళ్లంటే మాకు అంతకన్నా ఏం కావాలి?"

"మంచిదేనమ్మా," అన్నాడు సింహాచలం. "చట్నీ వేయనా?"

తరవాత చిరుతల వంతు. చిరుతపిల్ల వీరభద్రం పళ్లెం చాపి మీసం తిప్పాడు.

"పెద్దాయనా, నీ మీద నాకు గౌరవమే. కానీ మా ఓట్లు గవర్రాజుకే."

"ఎందుకు నాయనా?"

"తడిక విషయంలో మా మనసెరిగినవాడు."

సింహాచలం గరిటె గాల్లోనే ఆగిపోయింది. కందిపప్పు చుక్కచుక్కగా వాడి గిట్టమీద పడుతోంది. ఆ ఆలోచన ఎంత పెద్దదంటే, వాడి బుర్రలో అది తిరగబడుతుంటే మద్దిచెట్టు మీద నేను ఊగాను.

సాయంత్రం కాలవ దగ్గర నాతో అన్నాడు: "కాకి మావయ్యా, మేకకు నచ్చిన తడిక చిరుతకు ఎందుకు నచ్చుతుంది?"

"మంచి తడికేమో."

"మంచి తడికైతే ఇద్దరిలో ఒకరు ఏడవాలి మావయ్యా."

ఆ మాటకు నా ఈకలు లేచి నిలబడితే అడవికి మబ్బు కమ్మిందనుకుని నెమళ్లు పురి విప్పాయి.

పోలింగుకు ముందు మా దగ్గర ఉమ్మడి సభ జరుగుతుంది. అందరూ వాగు ఒడ్డున చేరారు. ఏనుగుగారు బండమీద కూర్చున్నారు. గవర్రాజు ముందుగా లేచి ఐకమత్యం గురించి, భవిష్యత్తు గురించి తెగ మాట్లాడాడు. తడిక పేరు మాత్రం ఎత్తలేదు. చప్పట్లకు వాగులో చేపలు గట్టెక్కాయి.

సింహాచలం లేచాడు. మెడలో బుట్ట వేలాడుతోంది. బుట్టనిండా పండు మిరపకాయలు.

"నాకు ఉపన్యాసం రాదు," అన్నాడు. "గవర్రాజు మాటలే నా మాటలకన్నా బాగుంటాయి. నా వంతు సమయం కూడా ఆయన చిలకలకే ఇస్తున్నాను. మేకలు విన్నది చిరుతలు వినలేదు, చిరుతలు విన్నది మేకలు వినలేదు. అందరం కలిసి వింటే బాగుంటుంది కదా."

"మంచి మనసు," అన్నారు ఏనుగుగారు. "వినిపించండి."

గవర్రాజు తోక దువ్వుకోవడం ఆపాడు. "అయ్యా, చిలకలు అలిసిపోయాయి. పాపం, పసి ప్రాణాలు."

"మేమా?" అంది వంకరతోక చిలక.

ముందుగా ఎర్రముక్కు చిలక మిరపకాయ అందుకుని ముళ్ల వరస సంగతి చెప్పింది. చిరుతలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సింహాచలం రెండో మిరపకాయ తీసి వంకరతోక చిలక ముందు పెట్టాడు. అది ముక్కు చాపిందో లేదో, గవర్రాజు ఒక్క గెంతు గెంతాడు. ఆ గెంతు నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, మధ్యాహ్నం సూర్యుడికి వాడి తోక తగిలింది. చిలక నోటికి అందకుండా ఆ మిరపకాయను లాక్కుని, ఎక్కడ దాచాలో తోచక, తానే నమిలి మింగేశాడు.

మాంసం తినేవాడు మిరపకాయ తినడం మా అడవిలో అదే మొదలు.

"ఆకలా గవర్రాజూ?" అంది బంగారమ్మ.

గవర్రాజు ఏదో అనబోయాడు. పొగ తప్ప మాట రాలేదు. కళ్లలోంచి రెండు కాలవలు పారాయి. సింహాచలం తాపీగా బుట్టలోంచి ఇంకో మిరపకాయ తీశాడు. చిలక దాన్ని కొరికి, రెక్కలు సర్దుకుని అందుకుంది:

"చిరుత తమ్ముళ్లారా, గడియ నా చేతికి రానివ్వండి. అమావాస్య నాడు బిగించడం మరిచిపోతాను. లోపలికి వచ్చి మీ వాటా మీరు తీసుకోండి, నా వాటా నాకు వదలండి." చిలక అక్కడ ఆగలేదు. పాఠం నేర్పాక గవర్రాజు తనలో తాను నవ్వుకుంటూ గొణిగిన ముక్క కూడా దానికి పాఠమే. చిలకకు పాఠం ఎక్కడ అయిపోయిందో ఎట్లా తెలుస్తుంది? "తెల్లారి ఏనుగుగారు అడిగితే నేరం ఈ చిరుత వెధవల మీద తోసేస్తా. వాళ్లు డిబారైతే హాస్టల్లో వాళ్ల గుహ కూడా మనదే."

మేకపిల్లలు బంగారమ్మ పొట్టకిందికి దూరాయి. వీరభద్రం మెల్లిగా లేచాడు.

"ఆ చివరి ముక్క మా దగ్గర చెప్పలేదే," అన్నాడు.

"మీరు చెప్పనిచ్చారా? కేరింతలు కొట్టారు," అంది చిలక.

వీరభద్రం తల దించుకుని బంగారమ్మ వైపు తిరిగాడు. "అక్కా, మాది తప్పే. ఆశపడ్డాం. మా అమ్మ నన్ను ఇక్కడికి పంపింది చదువుకోమని. డిబారై ఇంటికి పోతే నా తోలు ఆవిడే తీస్తుంది."

"కంచే చేను మేయబోయిందిరా," అంది బంగారమ్మ. "నీతో తరవాత మాట్లాడతాను. ముందు ఓటు వేసిరా."

మా పోలింగుకు పెట్టెలుండవు. ఇష్టమైనవాడి వెనక నిలబడటమే. సింహాచలం వెనక బారు కట్టిన వరస కొండ దాటి, పక్క కొండ ఎక్కి, తిరిగి వాగు దగ్గరికి వచ్చింది. మేక వెనక చిరుత, చిరుత వెనక కుందేలు. కుందేలు కాస్త ఎడంగా నిలబడింది, అది వేరే సంగతి. గవర్రాజు వెనక వాడి తోక ఒక్కటే ఉంది. వాడు నాలుక వాగులో ముంచి కాసేపు ఆలోచించాడు. ఆ తరవాత లేచి, ఎవరివైపూ చూడకుండా వెళ్లి సింహాచలం వరసలో చివర నిలబడ్డాడు.

ఆ పొద్దుగూకే వేళ అధ్యక్షుడు సింహాచలం తడిక మూసి గడియ బిగించాడు. ఇటునుంచి బంగారమ్మ లాగి చూసింది, అటునుంచి వీరభద్రం తోసి చూశాడు. కదల్లేదు. మేకపిల్లలు కాళ్లు చాపుకుని పడుకున్నాయి. ఫలితం ప్రకటిస్తూ నేను వేసిన కేక ఏడు అడవులు దాటి వినబడింది.

నీతి: ఇద్దరికి రెండు మాటలు చెప్పేవాడి చేతికి గడియ ఇవ్వకూడదు.