తోలువీరుడి మనవి

వీరగిరి రాజ్యంలో హనుమక్క తోలుబొమ్మలాడించేది. ఆమె వీరుడి బొమ్మ పేరు గండరగండడు. వాడు రాక్షసుణ్ణి కొట్టబోతూ ఆగి, జనం వైపు తిరిగి, "నేనూ మేకతోలే, వాడూ మేకతోలే. అయినా దెబ్బ చూడండి!" అనేవాడు. జనం పడీపడీ నవ్వేవారు. తీరా దెబ్బ పడేసరికి ఊపిరి బిగబట్టేవారు.

ఆస్థాన పండితుడు త్ర్యంబకశాస్త్రికి ఒళ్లు మండింది. "తాను తోలునని బొమ్మే ఒప్పుకుంటే ఇంక రసమెక్కడిది ప్రభూ? దాని మీద ఎవరికి మనసు నిలుస్తుంది? చించి పారేయించండి!" అన్నాడు. రాజు సరేనన్నాడు.

హనుమక్కను బొమ్మతో సహా సభకు రప్పించారు. ఇరవై ఏళ్లుగా అన్నం పెట్టిన బొమ్మ అది. అయినా పైకి తొణక్కుండా, "చిత్తం దొరా. శాస్త్రులుగారి చేత్తోనే చింపించండి. ఆయనకది ఉత్త తోలేగా" అంది.

శాస్త్రి వచ్చి బొమ్మ భుజం పట్టుకున్నాడు. ఆడించే పుల్లలు ఇంకా హనుమక్క చేతిలోనే ఉన్నాయి. బొమ్మ మెల్లగా తలెత్తింది. హనుమక్క గొంతు మార్చి పలికింది.

"శాస్త్రులుగారూ, నేను మేకతోలునే. నొప్పి పుట్టదు, చించండి. కాకపోతే... కాస్త మెల్లగా."

శాస్త్రి వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ పట్టుకోబోతే బొమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇక ఆయన వల్ల కాలేదు.

రాజు పకపకా నవ్వాడు. "తోలునని అది చెప్పనే చెప్పింది. మరి చేతులెందుకు రాలేదు శాస్త్రిగారూ?"

శాస్త్రి బొమ్మను వదిలేశాడు. హనుమక్క కొంగుతో చెమట తుడుచుకుంది. గండరగండడు సభ వైపు తిరిగాడు.

"అమ్మయ్య! మేకగా ఒకసారి చచ్చాను. రెండోసారి తప్పింది."