వేడెక్కని బండి

అనగనగా అన్నానని మరీ వెనక్కి వెళ్ళిపోకండి. రాజులు పోయారు, దొరలూ పోయారు, దొరల బండ్లు మాత్రం అక్కడక్కడా గడ్డివాముల కింద మిగిలాయి. అలాంటి కాలంలో ఏనుగులదిన్నె అనే ఊళ్ళో పెంచలయ్య అని ఒకడుండేవాడు.

పెంచలయ్యకు పాత మోటారు సైకిళ్ళంటే ప్రాణం. ఇంటి వెనక వసారానే షెడ్డు చేసుకున్నాడు. గోడ నిండా రెంచీలు, గూళ్ళ నిండా నట్లు, మూలన కిరసనాయిలు డబ్బా. అతని భార్య రవణమ్మ పప్పు డబ్బా మూత తీస్తే అందులోనూ బోల్టులే. "ఏమయ్యా, ఇవి ఉడికేదెప్పుడు, మనం తినేదెప్పుడు?" అని దెప్పేది. నవ్వేసేవాడు. మంచివాడేలెండి. ఒక్కటే జబ్బు. ఏ వస్తువు మీద మనసు పడితే ముందు దాన్ని తిట్టేవాడు. బేరమంటే అంతే కదా అంటారా? అందరూ అంతే అంటారు. వినండి మరి.

పక్కూళ్ళో ఆదెమ్మ అని ఒక ముసలమ్మ ఉంది. ఆమె మొగుడు కాంపౌండరు. ఒక దొర సీమకు తిరిగిపోతూ తన మోటారు సైకిలు ఆయనకిచ్చిపోయాడు. దాని మీదే ఆయన ఊరూరా మందులు మోశాడు. ఆయన పోయాక బండి పశువుల కొట్టంలో గడ్డి కింద పడి ఉంది. ఆ సంగతి చెవిన పడగానే పెంచలయ్య బయల్దేరాడు. చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.

గడ్డి తోశాడు. తుప్పు, దుమ్ము, ఎలుకల గూడు. కిక్కు రాడ్డును మెల్లిగా చేత్తో నొక్కాడు. లోపల్నించి ఊపిరి ఎదురుతన్నింది. ఇంజను బాగుందని ఆ క్షణమే తెలిసిపోయింది. గుండె ఎగిరి గంతేసింది. మొహం మాత్రం ఆముదం తాగినవాడిలా పెట్టాడు.

"అబ్బాయా, ఇది మళ్ళీ నడుస్తుందా? ఆయన వీధి మలుపు తిరిగేటప్పటి చప్పుడు ఇంకొక్కసారి వినాలని ఉంది" అంది ఆదెమ్మ.

నడుస్తుందంటే ఇస్తుందా? ఇవ్వదు. అందుకని పెంచలయ్య పెదవి విరిచాడు.

"చచ్చిన బండి అవ్వా ఇది. బ్రహ్మదేవుడు దిగొచ్చినా దీనికి ప్రాణం రాదు. పాత ఇనుము కింద నేనే తీసుకుపోతాలే."

సందెవేళ చెడ్డమాట అనొద్దని మన ఇళ్ళల్లో ఊరికే అనరు. ఆ వేళ పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. అనేవాడొకడు, నమ్మేవాళ్ళొకరు ఉంటే చాలు, తథాస్తు అనేసి పోతారు. నిజమా అబద్ధమా అని అడగరు. కొట్టం కప్పు మీద ఎవరో గుసగుసలాడినట్టయింది. గాలి కాబోలనుకున్నాడు పెంచలయ్య. ఆదెమ్మ నమ్మింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను చూసి కూడా బండిని ఎడ్లబండి మీదికి ఎక్కించాడు.

ఇక పని మొదలయింది. ఎండలు పోయి వానలు వచ్చినా అతను వసారా దిగలేదు. ఆ బోల్టులకు మన రెంచీలు పట్టవు, కొలతలే వేరు. ఆకురాయితో ఒక్కొక్క రెంచీనీ అరగదీసి సరిపెట్టాడు. ట్యాంకులో గులకరాళ్ళు పోసి ఊపి ఊపి తుప్పు రాల్చాడు. మెరుగు పోయినచోట చింతపండుతో రుద్దాడు. కార్బురేటరు సన్న రంధ్రాలను గుర్రపు వెంట్రుకతో పొడిచాడు. చివరికి బండి కింద నల్లగా నూనె చుక్కలు కనిపించాయి. ఆ బండ్లంతే, నూనె కారకపోతే లోపల నూనె లేనట్టే లెక్క.

ఒక సాయంత్రం కిక్కు కొట్టాడు. దడ్, దడ్, దడ్ మని అందుకుంది. రవణమ్మ పరుగెత్తుకొచ్చింది. వాళ్ళ పిల్ల చెంగమ్మ, ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల, చప్పట్లు కొట్టింది. పెంచలయ్య మురిసిపోయి ఇంజను మీద చెయ్యి వేశాడు.

ఇంజను చల్లగా ఉంది. కాసేపు పోయాక చూశాడు, ఇంకా చల్లగా ఉంది. సైలెన్సరు మీద నీళ్ళు చల్లితే చుయ్యిమనలేదు. కొత్త కుండకు పట్టినట్టు చెమట పట్టింది. లోపల మంట మండుతోంది, బయట వేడి లేదు. ఇదేం చోద్యమని విప్పి చూశాడు. అంతా సరిగ్గానే ఉంది.

మర్నాడు రవణమ్మ ఎసరు పెట్టింది. పొయ్యి భగభగా మండింది గానీ ఎసరు కాగలేదు. కట్టెలు అయిపోయాయి, బియ్యం అలాగే నానుతూ కూర్చున్నాయి. పచ్చి కట్టెలమ్మాడని కట్టెలవాణ్ణి తిట్టుకున్నారు. పాపం, వాడికేం తెలుసు.

ఆ సందెవేళ ఎవరూ కిక్కు కొట్టకుండానే వసారాలో దడ్, దడ్ మని చప్పుడైంది. వెళ్ళి చూస్తే మనిషి లేడు, బండి ఆడుతోంది. పెట్రోలు గొట్టం మూశాడు. అయినా ఆడింది. దీపాలు పెట్టడం అయ్యాక దానంతటదే ఆగింది.

వసారా మూలన బుట్టలో ఒక కోడి పొదుగుతోంది. అది గుడ్ల మీద నుంచి లేచింది. కోడి మాట్లాడుతుందా అని అడక్కండి, భయమేస్తే కోడైనా మాట్లాడుతుంది.

"పెంచలయ్యా, నా గుడ్లు రాళ్ళలా చల్లబడ్డాయి. చచ్చినదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టావు. చచ్చినదానికి సొంత వేడి ఉండదు, పక్కవాళ్ళ వేడి తాగుతుంది. దాన్ని చంపినవాణ్ణి వెతుక్కో. వాడే బతికించాలి" అంది.

ఆ మాట విని పెంచలయ్య బండికి ఎవరైనా తాయెత్తు కట్టారేమోనని చుట్టూ వెతికాడు. ఎవడో గిట్టనివాడు చేతబడి చేశాడని అనుకున్నాడే గానీ, తన నోటి సంగతి తట్టలేదు. మనకు మన నోరు ఎప్పుడు గుర్తొచ్చింది గనక?

మూడోనాడు చెంగమ్మ, నాన్న చూడకుండా ట్యాంకు మీదెక్కి కూర్చుని హ్యాండిలు పట్టుకుని ఆడుకుంది. సందె పడింది. బండి దడ్ మంది. పిల్లను కిందికి దించేసరికి దాని చేతులు చల్లగా ఉన్నాయి.

"నాయనా, చలి" అంది. ముడుచుకుని పడుకుంది.

దుప్పట్లు కప్పారు. తెల్లారి ఎండలో పడుకోబెట్టారు. వైద్యుడు నాడి చూసి, "నాడి ఆడుతోంది, ఒంట్లో వేడి లేదు. నా దగ్గర మందు లేదు" అని లేచాడు. రవణమ్మ పిల్లను గుండెకు హత్తుకుని కూర్చుంది. "ఆ బండి వద్దయ్యా. నాకు నా బిడ్డ కావాలి" అని ఏడ్చింది.

పెంచలయ్య హడలిపోయాడు. ఆ సందెవేళ బండికి పసుపు రాశాడు, నిమ్మకాయ కట్టాడు, చేతులు జోడించాడు. "నువ్వు చావలేదు తల్లీ, బతికే ఉన్నావు" అని బతిమాలాడు. నమ్మేవాళ్ళెవరున్నారక్కడ? బండి ఇంకా చల్లబడింది.

వదిలించుకుందామని మర్నాడు పట్నం నుంచి బండ్ల వ్యాపారి కోదండాన్ని పిలిపించాడు. సందెవేళే పిలిపించాడు, తెలివి చూడండి. "ఇలాంటి బండి జిల్లాలో లేదు, ప్రాణమున్న బండి" అని ఊదరగొట్టాడు. అమ్మేవాడు పొగిడితే ఎవరు నమ్ముతారు? కోదండం చుట్టూ తిరిగి చూశాడు. కళ్ళు మెరిశాయి. పెదవి మాత్రం విరిచాడు.

"చచ్చిన బండి పెంచలయ్యా ఇది. పాత ఇనుము కింద తీసుకుంటాను."

పెంచలయ్య అతని మొహంలోకి చూశాడు. తన మాట, తన విరుపు, ఎదుటివాడి మొహం మీద కనిపించింది. చంపినవాడెవడో తెలిసిపోయింది. వసారా కప్పు మీద గుసగుస వినబడబోతుండగా, "నేను నమ్మను, అమ్మను" అని కోదండాన్ని బయటికి పంపేశాడు. ఇంట్లో చెంగమ్మ పెదాలు నీలంగా మారుతున్నాయి.

ఆ మర్నాడు పొద్దు వాలుతుండగా బండెక్కి పక్కూరు పోయాడు. తొడల కింద మంచుగడ్డ పెట్టుకున్నట్టుంది ప్రయాణం. ఆదెమ్మ వాకిట్లో దీపం వెలిగిస్తోంది. మలుపు దగ్గర చప్పుడు వినబడగానే ఆమె చేతిలో అగ్గిపుల్ల అలాగే కాలిపోయింది.

పెంచలయ్య దిగి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, ఆ రోజు నీతో అబద్ధమాడాను. కిక్కు మీద చెయ్యి పెట్టగానే తెలిసింది, దీనికి ప్రాణముందని. నువ్వు ఇవ్వవేమోనని చచ్చిందన్నాను. బతికే ఉందవ్వా. మీ ఆయన బండి బతికే ఉంది."

ఆదెమ్మ కాలిన అగ్గిపుల్ల కింద పడేసింది. "ఆ రాత్రి నేను ఆయన్ని రెండోసారి సాగనంపాను నాయనా. అది నీకు తెలుసా?" అంది.

"ఇప్పుడు తెలిసింది."

ఆమె బండి వైపు నడిచింది, పెంచలయ్య లేచి వెంట వెళ్ళాడు. దాని పక్కన నిలబడి, తల వంచి ఆ చప్పుడు విన్నది. "అవును, బతికే ఉంది" అంది.

పైన ఎవరో తథాస్తు అన్నారు. అదే క్షణం పెంచలయ్య పిక్క సైలెన్సరుకు తగిలి చుర్రున కాలింది. అతను కెవ్వుమని, వెంటనే భోరున ఏడ్చాడు. కాలినందుకు అంత సంతోషపడ్డవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

ఉంచుకో నాయనా అంటుందని పెంచలయ్యకు లోపల ఒక మూల చిన్న ఆశ ఉండింది. ఎందుకు దాచాలి, ఉండింది. ఆదెమ్మ అలా అనలేదు. "బండి ఇక్కడే ఉంటుంది. నువ్వు నడిచి పో" అంది. ముడతలు పడ్డ చేతులు రెండూ ఇంజను దగ్గర పెట్టి కాచుకుంది. పెంచలయ్య బండి తాళంచెవి ఆమె పక్కన పెట్టి, కుంటుకుంటూ నడిచాడు.

ఇల్లు చేరేసరికి పొయ్యి మీద ఎసరు పొంగుతోంది. చెంగమ్మ దుప్పట్లన్నీ తన్నేసి, "ఉక్కపోస్తోంది నాయనా, అన్నం ఎప్పుడు పెడతారు?" అని గొడవ చేస్తోంది. అతను పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యలేకపోయాడు. కోడి గుడ్లు మాత్రం పిల్లలు కాలేదు. అన్నీ తిరిగి రావు.

పిల్లలూ, పెద్దలూ, అందుకే చెబుతున్నాను: బతికున్నదాన్ని చచ్చిందని చెప్పి తెచ్చుకుంటే, చచ్చినదే ఇంటికొస్తుంది.